మెక్‌డోవెల్ కౌంటీ, వెస్ట్ వర్జీనియా: 2008లో ఒబామా, 2020లో ట్రంప్‌కు 79 శాతం. మధ్యలో ఏం జరిగింది?

షార్లెట్_శ్రీను

అందరికీ నమస్కారం. ఎన్నికల ఫలితాలు కౌంటీల వారీగా చూడటం నాకు పాత అలవాటు. అలా చూస్తూ ఒక పేరు దగ్గర ఆగిపోయాను. వెస్ట్ వర్జీనియా దక్షిణ కొసన ఉన్న మెక్‌డోవెల్ కౌంటీ. 2008లో ఒబామాకు 53 శాతం ఓట్లేసింది. నాలుగేళ్లు తిరిగేసరికి అదే ఒబామా మీద రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీకి 64 శాతం. 2016లో ట్రంప్‌కు దాదాపు 75, 2020లో 79. 2012కు ముందు అక్కడ రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గెలిచింది ఎప్పుడో 1972లో, నిక్సన్.

"వాళ్లకు నల్లజాతి అధ్యక్షుడు నచ్చలేదు, అంతే" అని మా ఆఫీసులో ఒకాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. మరి 2008లో ఓటేసింది ఎవరు? ఆ ప్రాంతం తెలిసినవాళ్లు, అక్కడ పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి. ఎంత పెద్ద పోస్టైనా చదువుతాను.

టగ్‌ఫోర్క్_డాక్టర్

శ్రీను గారూ, నేను పక్క కౌంటీలో ఊపిరితిత్తుల డాక్టరుని. చాలా ఏళ్లుగా ఇక్కడే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో మెక్‌డోవెల్ వాళ్లు ఎక్కువ. మీరు ఓట్ల గురించి అడిగారు గానీ, నేను నేల దగ్గర మొదలుపెడతాను. ఆ నేల చూడనివాళ్లకు అక్కడి రాజకీయం అంతుపట్టదు.

విస్తీర్ణం 535 చదరపు మైళ్లు, అంటే సుమారు 1,385 చదరపు కిలోమీటర్లు. అందులో చదునైన జాగా కావాలంటే వెతుక్కోవాలి. అప్పలాచియన్ పీఠభూమిని వాగులు కోసుకుంటూ పోయి, నిటారు కొండలు, వాటి నడుమ సన్నటి లోయలు మిగిల్చాయి. ఇక్కడివాళ్లు వాటిని హాలర్లు అంటారు. ఒక హాలర్‌లో పట్టేది ఇంతే: ఒక వాగు, దాన్ని ఆనుకుని రైలు పట్టాలు, ఆ పక్కన రోడ్డు, మిగిలిన కాస్త జాగాలో ఒకే వరస ఇళ్లు. ఇంటి పెరటి గోడ దాటితే కొండ. ఎల్క్‌హార్న్ వాగు వచ్చి వెల్చ్ ఊళ్లో టగ్ ఫోర్క్ నదిలో కలుస్తుంది. వెల్చే కౌంటీ కేంద్రం. ఇంటర్‌స్టేట్ హైవే కౌంటీలో ఎక్కడా లేదు. యూఎస్ 52 రోడ్డే అందరికీ దిక్కు. బ్లూఫీల్డ్ నుంచి వెల్చ్‌కు బయల్దేరినప్పుడు ముందు బొగ్గు లారీ తగిలిందంటే గంట దాటినట్టే, దాన్ని ఓవర్‌టేక్ చేసే చోటు దొరకదు.

పొలాలు లేవు. ఫ్యాక్టరీ పెడదామన్నా జాగా లేదు. గట్టి వాన కురిస్తే కొండల మీది నీళ్లన్నీ ఇళ్లున్న ఆ ఒక్క వరస మీదికే వస్తాయి. 2001 జూలైలో వచ్చాయి, ఇంకా బురద ఎత్తిపోసుకుంటుండగానే 2002 మేలో మళ్లీ వచ్చాయి. 2025 ఫిబ్రవరి వరదలో మనుషులు కూడా పోయారు.

ఈ కౌంటీకి ఉన్నది ఒక్కటే ఆస్తి, కొండ కింద బొగ్గు. 1950లో జనాభా 98,887. 2020 లెక్కల్లో 19,111. ఆ బొగ్గు ఏమైందో మన గనులవాళ్లు ఎవరైనా చెబితే బాగుంటుంది.

ఇల్లెందు_కిరణ్

నమస్తే డాక్టరు గారూ. మాది సింగరేణి కుటుంబం. నాన్న బాయిలో, అంటే బొగ్గు గనిలో, కోల్ ఫిల్లర్‌గా చేరి సర్దార్‌గా రిటైరయ్యాడు. నేను కొత్తగూడెంలో మైనింగ్ చదివి ఇప్పుడు పెన్సిల్వేనియాలో పనిచేస్తున్నా. మెక్‌డోవెల్‌లో దొరికేదాన్ని పొకహాంటస్ బొగ్గు అంటారు, దాని గురించి మాకు కాలేజీలోనే చెప్పేవాళ్లు.

అది మామూలు కరెంటు బొగ్గు కాదు. బూడిద తక్కువ, గంధకం తక్కువ, ఉక్కు తయారీకి పనికొచ్చే కోకింగ్ బొగ్గు. 1880ల్లో నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే అటు పట్టాలు వేసింది. ఆ తర్వాత కొండల మీద హక్కులు చకచకా చేతులు మారాయి. 1901లో ఆ రైల్వేనే లక్షల ఎకరాల బొగ్గు భూములున్న ఫ్లాట్ టాప్ అసోసియేషన్‌ను కొనేసింది. యూఎస్ స్టీల్ కంపెనీ వచ్చి గ్యారీ అనే ఊరినే కట్టింది. కంపెనీ అధిపతి ఎల్బర్ట్ గ్యారీ పేరే ఆ ఊరికి పెట్టారు. ఇల్లు కంపెనీది, దుకాణం కంపెనీది, చాలా క్యాంపుల్లో జీతంలో కొంత కంపెనీ దుకాణంలో మాత్రమే చెల్లే బిళ్లల్లో ఇచ్చేవాళ్లు. కొన్ని దశాబ్దాల పాటు అమెరికా మొత్తంలో బొగ్గు ఎక్కువ తీసిన కౌంటీల్లో ఇది ముందు వరసలో ఉంది.

మరి ఇంత బొగ్గు తీసిన కౌంటీ దగ్గర డబ్బు ఎందుకు మిగల్లేదు? ఎందుకంటే భూమి పైనా కిందా హక్కుదారులు బయటివాళ్లు. లాభం న్యూయార్క్, ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్‌లకు పోయింది. శ్రీను అన్నా, నన్నడిగితే ఈ కౌంటీ రాజకీయానికి మూలం అక్కడుంది. పార్టీలు ఆ తర్వాత సంగతి.

హ్యూస్టన్_వంశీ

కిరణ్, నువ్వు చెప్పిన చరిత్ర బాగుంది గానీ, నేను ఎనర్జీ రంగంలో ఉన్నా కాబట్టి ఇంకో మాట చెప్పాలి. ఎవరో దోచుకున్నారన్న కథ వినడానికి బాగుంటుంది. అసలు కారణం మార్కెట్. రాతి పొరల్లోంచి తీసే షేల్ గ్యాస్ వచ్చాక కరెంటు ప్లాంట్లు చాలావరకు బొగ్గు మానేశాయి. ఒబామా రాకపోయినా గనులు మూతపడేవే. ట్రంప్ వచ్చినా తెరుచుకోలేదు, అది కూడా ఒప్పుకుంటాను. బొగ్గు అయిపోయిన చోట జనం ఉండిపోవడం వల్లే ఈ బాధంతా. మనం ఊళ్లు వదిలి ఇంత దూరం రాలేదా? వాళ్లూ కదలాలి.

విశాఖ_ఉక్కు

వంశీ బాబూ, నేను విశాఖ స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్స్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒక్క విషయం సరిచేయాలి. గ్యాస్ దెబ్బ కొట్టింది కరెంటు బొగ్గుని. కిరణ్ చెప్పిన బొగ్గు వేరు. గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాలిస్తే ఆ బొగ్గు మెత్తబడి, ఉబ్బి, మళ్లీ గట్టిపడి కోక్ అవుతుంది. బ్లాస్ట్ ఫర్నేసులో వేసినప్పుడు పైనున్న ఇనుప ఖనిజం బరువంతా ఆ కోక్ ముక్కలే మోయాలి. అవి నలిగి పొడైతే గాలి ఆడదు, ఫర్నేసు మూలుగుతుంది. గ్యాస్ ఆ పని చేయలేదు. మన దేశం బొగ్గులో బూడిద ఎక్కువ, అందుకే మా ప్లాంటుకు కోకింగ్ బొగ్గు ఓడల మీద రావాల్సిందే. ఎక్కువగా ఆస్ట్రేలియాది, అమెరికాది కూడా వచ్చేది. ఇప్పుడు అమెరికా బొగ్గు ఎక్కువగా కొనే దేశాల్లో మనమూ ముందున్నాం. నార్ఫోక్ రేవులో ఓడకెక్కే బొగ్గులో చాలా భాగం ఆ రైలు దారిన ఆ కొండల వైపు నుంచి దిగేదే.

కాబట్టి మెక్‌డోవెల్ బతుకు చైనాలో, మనదేశంలో ఎంత ఉక్కు పోస్తున్నారన్న దాని మీద ఆధారపడింది. 2011లో క్వీన్స్‌లాండ్ వరదల తర్వాత టన్ను కోకింగ్ బొగ్గు 330 డాలర్లు పలికింది. 2016 మొదట్లో 81కి పడింది. ఆ మధ్య అయిదేళ్లలో ఒక గని ఊరు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

షార్లెట్_శ్రీను

బాబాయ్, ఇది నాకు బొత్తిగా తెలియని కోణం. 2012లో ఓటు తిరగబడటం, 2016లో పూర్తిగా కూలిపోవడం ఆ అయిదేళ్లలోనే కదా!

ఇల్లెందు_కిరణ్

అవును అన్నా. 2012లో పేట్రియట్ కోల్, 2015లో ఆల్ఫా నేచురల్ రిసోర్సెస్, 2016లో ఆర్చ్ కోల్ దివాలా పిటిషన్లు వేశాయి. దివాలా కోర్టుకు వెళ్లిన కంపెనీలు ముందు వదిలించుకోవాలని చూసింది రిటైరైన కార్మికుల వైద్యం, పెన్షన్ ఖర్చులనే. యూనియన్ పెన్షన్ నిధిని పార్లమెంటు 2019 డిసెంబర్‌లో గానీ ఆదుకోలేదు. అంతదాకా ముసలివాళ్లకు ఒకటే టెన్షన్.

కానీ జనం తగ్గడం అంతకు చాలా ముందే మొదలైంది. లెక్కలు చూడండి. 1960కి 71 వేలు, 1970కి 50 వేలు. ఆ రోజుల్లో బొగ్గు ఉత్పత్తికి ఢోకా లేదు, మనుషుల అవసరమే పోయింది. 1950 ఒప్పందంలో యూనియన్ నాయకుడు జాన్ ఎల్. లూయిస్ యంత్రాలకు అడ్డుచెప్పనని ఒప్పుకుని, బదులుగా టన్నుకు ఇంత అని సంక్షేమ నిధికి కట్టించుకున్నాడు. బొగ్గును ఆగకుండా కోసే కంటిన్యూయస్ మైనర్ యంత్రం దిగాక ఒక గ్యాంగు చేసే పని కొద్దిమందితో అయిపోయింది. 1980కి కూడా 49,899 మంది నిలబడ్డారు, కారణం యూఎస్ స్టీల్ గనులు. 1986లో అవి మూతపడ్డాయి. 1990కి 35 వేలు.

రాలీ_లక్ష్మి

వంశీ గారూ, "వాళ్లూ కదలాలి" అన్నారు. మొత్తం అంకె మీరే చూడండి. 98 వేల నుంచి 19 వేలకు వచ్చారు. కదలగలిగిన ప్రతివాళ్లూ ఎప్పుడో కదిలారు. షార్లెట్, రోనోక్, డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ నిండా వాళ్ల పిల్లలే. మిగిలినవాళ్లలో పెద్దవాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు, మనవళ్లను పెంచుతున్న అమ్మమ్మలు ఎక్కువ. ఆ ఇల్లు అమ్మితే వేరే ఊళ్లో ఆరు నెలల అద్దె కూడా రాదు. మనం వచ్చినప్పుడు చేతిలో డిగ్రీ, పాస్‌పోర్టులో వీసా ఉన్నాయి. ఆ రెండు వలసలూ ఒకటి కావు.

నేను నార్త్ కరోలినాలో స్కూల్ టీచర్ని. మెక్‌డోవెల్ బడుల గురించి చదివినప్పటి నుంచి మనసులో ఉండిపోయింది. 2001లో రాష్ట్రం ఆ కౌంటీ స్కూల్ బోర్డు అధికారాలు తన చేతిలోకి తీసుకుంది, 2013లో గానీ తిరిగివ్వలేదు. టీచర్లు దొరకరు, దొరికినా ఉండటానికి మంచి ఇల్లు దొరకదు. 2011లో అమెరికా టీచర్ల సమాఖ్య ముందుకొచ్చి రీకనెక్టింగ్ మెక్‌డోవెల్ అని ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. అందులో భాగంగా వెల్చ్‌లో టీచర్ల కోసం అపార్ట్‌మెంట్లు కట్టారు.

టగ్‌ఫోర్క్_డాక్టర్

లక్ష్మి గారు చెప్పింది అక్షరాలా నిజం. అమ్మమ్మలు మనవళ్లను పెంచడం దగ్గర నేనొక మాట చేర్చాలి. గనిలో నడుము విరగ్గొట్టుకున్నవాళ్లకు నొప్పి మాత్రలు విచ్చలవిడిగా రాసిన కాలం ఒకటి గడిచింది. మా వృత్తివాళ్లే రాశారు. మందుల కంపెనీలు, పంపిణీదారులు జనాభాకు పొంతన లేనన్ని మాత్రలు ఈ రాష్ట్రంలోకి కుమ్మరించారు. మధ్య తరం మనుషులు పోయారు, లేదా జైళ్లలో ఉన్నారు. 2010 లెక్కల ప్రకారం మెక్‌డోవెల్ మగవాళ్ల సగటు ఆయుర్దాయం 63.9 ఏళ్లు. అమెరికా కౌంటీలన్నింటిలోకీ అట్టడుగు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. కీస్టోన్ ఊళ్లో కంపెనీ కాలపు పైపులు కుళ్లిపోయి, నీళ్లు మరగబెట్టుకునే తాగండి అన్న హెచ్చరిక దాదాపు పదేళ్లు అమల్లో ఉంది. నా పేషెంటు ఒకావిడ కారు డిక్కీ నిండా గ్యాలన్ పాల డబ్బాలు పెట్టుకుని ఆస్పత్రికి వస్తుంది. మూతల మీద మార్కర్‌తో గుర్తులు పెట్టుకుంది, తాగడానికి కొన్ని, గిన్నెలకు కొన్ని. తిరిగి వెళ్లేటప్పుడు రోడ్డు పక్క కొండలోంచి కారే ఊట పైపు దగ్గర ఆగి పట్టుకుంటుంది. ఆమె భర్త ఆక్సిజన్ గొట్టంతో ముందు సీట్లో కూర్చుని ఉంటాడు, దిగి డబ్బా ఎత్తే ఊపిరి ఆయనకు లేదు.

షార్లెట్_శ్రీను

డాక్టరు గారూ, ఇంత జరుగుతున్నప్పుడు ఆరోగ్య బీమా తెచ్చిన ఒబామాని ఎందుకు కాదనుకున్నారు? నాకు మింగుడుపడనిది ఇదే.

టగ్‌ఫోర్క్_డాక్టర్

మంచి ప్రశ్న, నా మనసులో కూడా ఎప్పుడూ మెదిలేదే.

2010 ఆరోగ్య చట్టంలో సెనేటర్ రాబర్ట్ బర్డ్ ఒక చిన్న సవరణ పెట్టించాడు. పదిహేనేళ్లు గనిలో పనిచేసి, ఊపిరి పూర్తిగా దెబ్బతిన్నవాళ్లకు అది బొగ్గు దుమ్ము వల్లే అని చట్టం మొదటే అనుకుంటుంది. కాదని నిరూపించాల్సిన భారం కంపెనీ మీద పడుతుంది. భర్త పోయిన భార్యకు పరిహారం కొనసాగడం కూడా తేలికైంది. నా పేషెంట్లకు దాని వల్ల నేరుగా మేలు జరిగింది, నేను కళ్లారా చూశాను. 2014 నుంచి మెడికెయిడ్ అనే పేదల ప్రభుత్వ బీమా విస్తరణతో బీమా లేనివాళ్లకు బీమా వచ్చింది.

కానీ ఆ మేలు ఎలా అందుతుందో చూడండి. మూడేళ్లు లాయరు చుట్టూ తిరిగాక, కార్మిక శాఖ నుంచి కవరులో ఒక ఉత్తరం వస్తుంది. దాని మీద ఏ పార్టీ పేరూ ఉండదు. అదే 2012లో, కొడుకుని ఉద్యోగం నుంచి తీసేసిన కంపెనీ మాత్రం గేటు దగ్గరే, పర్యావరణ శాఖ నిబంధనల వల్ల మూసేస్తున్నాం అని చెబుతుంది. బొగ్గు మీద యుద్ధం అన్న మాట ప్రతి ప్రకటన బోర్డు మీదా ఉండేది. 2016 మార్చిలో హిల్లరీ క్లింటన్ ఒహాయోలో మాట్లాడుతూ బొగ్గు గనులకు, కంపెనీలకు పని లేకుండా పోతుందన్నారు. గని కార్మికులను మరచిపోకూడదని కూడా అదే జవాబులో చెప్పారు. టీవీల్లో మొదటి సగమే మోగింది.

జాతి వివక్ష లేదని నేననను, నా చర్మం రంగుతో ఇక్కడ బతుకుతున్నాను. కానీ మీ ఆఫీసు ఆయన చెప్పినంత సులువుగా తేలదు.

మోడరేటర్

పార్టీల పేర్లు లేకుండా ఈ విషయం మాట్లాడలేం, కాబట్టి రాయండి. అక్కడి ఓటర్లను తిట్టే పోస్టులు తీసేస్తున్నాం.

ఇల్లెందు_కిరణ్

జాతి సంగతి వచ్చింది కాబట్టి: ఆ కౌంటీలో 1910లో నల్లజాతివారు జనాభాలో మూడో వంతుకు కాస్త తక్కువ. వర్జీనియా, నార్త్ కరోలినా, అలబామాల నుంచి గనుల్లోకి వచ్చినవాళ్లు. దక్షిణాది రాష్ట్రాల్లో వాళ్ల ఓటు లాగేసుకున్న రోజుల్లో వెస్ట్ వర్జీనియాలో ఓటు ఉంది. అప్పుడు వాళ్లు లింకన్ పార్టీ కాబట్టి రిపబ్లికన్లకు వేసేవాళ్లు, కౌంటీ కూడా రిపబ్లికన్‌దే. కీస్టోన్ నుంచి మెక్‌డోవెల్ టైమ్స్ అని వాళ్ల సొంత పత్రిక వచ్చేది. 1928లో అదే కీస్టోన్ నుంచి మినీ బకింగ్‌హామ్ హార్పర్ రాష్ట్ర శాసనసభకు వెళ్లింది. అమెరికాలో శాసనసభ్యురాలైన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. చనిపోయిన భర్త స్థానంలో గవర్నర్ నియమించాడు. అదే ఏడాది కింబాల్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులకు స్మారక భవనం తెరిచారు. 1991లో కాలిపోతే మళ్లీ బాగుచేశారు, ఇప్పుడూ ఉంది.

ఇటలీ, హంగరీ, పోలండ్ వాళ్లు కూడా అవే గనుల్లో పనిచేశారు. క్యాంపులో ఎవరి వాడ వాళ్లదే, బడులు వేరు. బాయిలో మాత్రం పక్కపక్కనే. 1940 జనవరి 10న బార్ట్‌లీ గనిలో పేలుడు జరిగి 91 మంది చనిపోయారు.

రాలీ_లక్ష్మి

అయితే కౌంటీ మొదట రిపబ్లికన్, రూజ్‌వెల్ట్ కాలంలో డెమొక్రాట్, ఇప్పుడు మళ్లీ రిపబ్లికన్. అంటే "వందేళ్ల డెమొక్రాట్ కోట" అని పేపర్లలో రాసేది కూడా సరికాదన్నమాట. కిరణ్ తమ్ముడూ, డెమొక్రాట్లవైపు తిప్పింది యూనియనేనా?

ఇల్లెందు_కిరణ్

యూనియనే అక్కా. యూనియన్ రావడానికి ఎంత రక్తం పారిందో చెబితే మీకే అర్థమవుతుంది. 1920 మేలో పక్క మింగో కౌంటీలోని మేట్‌వన్‌లో, కార్మికులను ఇళ్లలోంచి వెళ్లగొట్టడానికి కంపెనీ పంపిన బాల్డ్విన్-ఫెల్ట్స్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ ఏజెంట్లను ఊరి పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్ అడ్డుకున్నాడు. కాల్పుల్లో రెండు వైపులా కలిపి పదిమంది పోయారు. ఏడాది తర్వాత, 1921 ఆగస్టు 1న, ఇంకో కేసు విచారణ అని ఆయన్ని వెల్చ్ కోర్టుకు రప్పించారు. ఆయన, మిత్రుడు ఎడ్ చేంబర్స్, భార్యలతో కలిసి కోర్టు మెట్లెక్కుతున్నారు. చేతిలో ఆయుధం లేదు. మెట్ల మీదే అవే బాల్డ్విన్-ఫెల్ట్స్ మనుషులు ఇద్దర్నీ కాల్చి చంపారు. ఎవరికీ శిక్ష పడలేదు. ఆ కోపంతోనే ఆ నెలాఖరుకి వేలమంది కార్మికులు తుపాకులు పట్టుకుని లోగన్ వైపు నడిచారు, బ్లెయిర్ మౌంటెన్ పోరాటం అదే. కేంద్ర సైన్యం వచ్చాక గానీ ఆగలేదు.

1933 తర్వాత రూజ్‌వెల్ట్ చట్టాలతో యూనియన్‌కు గుర్తింపు వచ్చింది. అక్కడి నుంచి యూనియన్ కార్డు, డెమొక్రాట్ ఓటు ఒకే జేబులో ఉన్నాయి. ఇప్పుడు ఆ రాష్ట్ర గనుల్లో యూనియన్ చాలా పలచబడింది. ఓటు ఎక్కడికి పోవాలో చెప్పే మనిషి, షిఫ్టు దిగాక కూర్చుని మాట్లాడుకునే హాలు రెండూ పోయాయి.

విశాఖ_ఉక్కు

కెనెడీ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1960 మే 10న వెస్ట్ వర్జీనియా ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, సొంత పార్టీ హంఫ్రీ మీద గెలవకపోతే ఆయన అధ్యక్షుడయ్యేవాడు కాదేమో. క్యాథలిక్కు ప్రొటెస్టెంట్ రాష్ట్రంలో ఓట్లు రావన్నారు. ఆ కొండల్లో తిరిగి, గనులు నడుస్తున్నా జనం ఆకలితో ఉండటం చూశాడు. కుర్చీ ఎక్కగానే ఫుడ్ స్టాంపుల, అంటే పేదలు తిండి సరుకులు కొనుక్కునే కూపన్ల ప్రయోగం మొదలుపెట్టాడు. 1961 మే 29న మొట్టమొదటి స్టాంపులు వెల్చ్‌లోనే ఇచ్చారు. పిల్లలున్న ఒక పెద్ద కుటుంబం, పని పోయిన గని కార్మికుడు, 95 డాలర్ల స్టాంపులు. ఈరోజు అమెరికా అంతటా ఉన్న పథకానికి అది మొదలు.

హ్యూస్టన్_వంశీ

బాబాయ్, సరిగ్గా నా పాయింటు అక్కడే. 1961 నుంచి ప్రభుత్వ డబ్బు పోస్తూనే ఉన్నారు. అరవై ఏళ్లలో ఏం మారింది? 2005లో కింబాల్‌లో వాల్‌మార్ట్ పెట్టారు, 2016 జనవరిలో మూసేశారు. జైలు కట్టారు, అదే పెద్ద ఉద్యోగాల చోటు అన్నారు. డబ్బు కంటే వేరేది ఏదో కావాలి. నేను అక్కడివాళ్లను తక్కువ చేయడం లేదు, డబ్బు పనిచేయలేదంటున్నా.

టగ్‌ఫోర్క్_డాక్టర్

వంశీ, డబ్బు పనిచేయలేదన్న మాటతో ఒప్పుకోను. ఫుడ్ స్టాంపులు ఆకలి తీర్చడానికి ఇచ్చారు, తీర్చాయి. ఉద్యోగాలు తేవడానికి వాటిని ఇవ్వలేదు. అయితే వాల్‌మార్ట్ గురించి మీరన్నది నిజమే. ఫుడ్ బ్యాంకుకు ఆ షాపు సరుకు ఇచ్చేది, అది కూడా ఆగింది. చాలామందికి తాజా కూరగాయలు కొనే చోటే దూరమైంది.

ఇప్పుడు కాస్త కదలిక ఉన్నది హాట్‌ఫీల్డ్-మెకాయ్ ట్రైల్స్ వల్ల. పాత గని దారుల్ని నాలుగు చక్రాల ఏటీవీ బండ్లు నడుపుకునే దారులుగా మార్చారు. వెల్చ్, గ్యారీ వీధుల్లో ఆ బండ్లు రోడ్డు మీదే తిరుగుతాయి. ఖాళీ ఇళ్లు కొని గదులు అద్దెకిస్తున్నారు. గని జీతం దాంతో రాదు, కానీ ఊళ్లో దీపాలు వెలుగుతున్నాయి.

షార్లెట్_శ్రీను

కిరణ్ తమ్ముడూ, మొదట నువ్వన్న భూమి హక్కుల మాట దగ్గరికి మళ్లీ వస్తా. సింగరేణిలో తేడా ఏంటి? అక్కడా గనులు మూతపడ్డాయి కదా.

ఇల్లెందు_కిరణ్

మూతపడ్డాయి అన్నా. మా ఇల్లెందులో, బెల్లంపల్లిలో ఖాళీ క్వార్టర్లు చూస్తే నాకు వెల్చ్ ఫొటోలు గుర్తొస్తాయి. కంపెనీలో ఒకప్పుడు లక్షకు పైగా కార్మికులు, ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. అండర్‌గ్రౌండ్ బాయిలు తగ్గి, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్‌లు పెరిగాయి. యంత్రం చేసేది ఎక్కడైనా అదే.

కానీ కంపెనీలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఒక బాయి మూస్తే కార్మికుణ్ణి ఇంకో ఏరియాకు బదిలీ చేస్తారు, రోడ్డున పడేయరు. దసరా ముందు లాభాల్లో వాటా వస్తుంది. అది ఎంత శాతం అన్న దాని మీద ముఖ్యమంత్రే ప్రకటన చేయాల్సి వస్తుంది, ఎందుకంటే గట్టిగా అడిగే ఓటర్లున్నారు. మెక్‌డోవెల్‌లో కంపెనీ యజమాని ఎవరో, ఎక్కడుంటాడో ఓటరుకు తెలియదు. ఓటేసి దింపడానికి అతను అభ్యర్థి కాదు. దింపగలిగేది అధ్యక్షుణ్ణి ఒక్కణ్ణే, దించుతూనే ఉన్నారు. సింగరేణిలో అంతా బాగుందని కాదు, ఓపెన్‌కాస్ట్ పక్కన ఊళ్లు పడే బాధ నాకు తెలుసు. కానీ అడగడానికి ఒక గుమ్మం ఉంది.

హ్యూస్టన్_వంశీ

ఇది ఆలోచించాల్సిన మాటే. కానీ ప్రభుత్వ కంపెనీ అయితే నష్టాల్లోనూ నడపాల్సి వస్తుంది, దాని ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్న నాకు మిగిలే ఉంది. బాబాయ్ స్టీల్ ప్లాంటు సంగతి మనందరికీ తెలిసిందే కదా.

విశాఖ_ఉక్కు

స్టీల్ ప్లాంటుకు సొంత గనులు ఇవ్వకుండా నష్టాలంటే ఎలా బాబూ! అది వేరే థ్రెడ్ పెట్టు, అక్కడ తేల్చుకుందాం.

రాలీ_లక్ష్మి

ఒక విషయం మరిచిపోతున్నాం. 2016 డెమొక్రాటిక్ ప్రైమరీలో వెస్ట్ వర్జీనియాలోని 55 కౌంటీల్లోనూ వామపక్షం వైపు మొగ్గే బెర్నీ శాండర్స్ గెలిచాడు. 2017 మార్చిలో ఆయన మెక్‌డోవెల్ వచ్చి సభ పెడితే ట్రంప్‌కు ఓటేసినవాళ్లు కూడా కూర్చుని విన్నారు. 2018 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అదే రాష్ట్రంలో 55 కౌంటీల టీచర్లు సమ్మె చేసి 5 శాతం జీతం పెంచుకున్నారు. ముందు బయటికొచ్చింది దక్షిణాది బొగ్గు కౌంటీలవాళ్లే. ట్రంప్‌కు భారీగా ఓటేసిన చోట, యూనియన్ సమ్మె! రంగుల మ్యాపు చూసి అక్కడివాళ్ల మనసు చదవలేం.

షార్లెట్_శ్రీను

మరి కౌంటీ స్థాయిలో? అక్కడ కూడా అంతా ఎర్ర రంగేనా, అంటే రిపబ్లికన్లేనా?

టగ్‌ఫోర్క్_డాక్టర్

కింది స్థాయి చాలా నెమ్మదిగా మారింది. అధ్యక్షుడికి రిపబ్లికన్, కోర్టు హౌసులో డెమొక్రాట్ అని చాలాకాలం నడిచింది. ముగ్గురు కౌంటీ కమిషనర్లు, షెరీఫ్, అసెసర్, క్లర్కులు, ప్రాసిక్యూటర్ అందరూ ఎన్నికైనవాళ్లే. ఈ రాష్ట్రంలో షెరీఫే పన్నులు కూడా వసూలు చేస్తాడు. జనం పోయి, గనులు మూతపడి పన్ను తగ్గిందంటే ఒకేసారి పోలీసు బండికీ బడి బస్సుకీ డబ్బు తగ్గుతుంది. స్కూల్ బోర్డు ఎన్నికలో పార్టీ గుర్తులే ఉండవు. ఇక్కడ షెరీఫ్‌ని ఎన్నుకునేటప్పుడు ఏ పార్టీ అని అడగరు, ఎవరి కొడుకు అని అడుగుతారు.

హ్యూస్టన్_వంశీ

డాక్టరు గారూ, ఒక్కటే అడుగుతా. ఇప్పుడు అక్కడి జనం ప్రభుత్వాన్ని ఏం కోరుతున్నారు? పార్టీలు పక్కన పెట్టి చెప్పండి.

టగ్‌ఫోర్క్_డాక్టర్

నీళ్ల పైపులు, మురుగు కాలవలు, నాలుగు వరసల రోడ్డు. నా గదిలోకి వచ్చేవాళ్లు అడిగేది ఇంకొకటి.

మందపాటి పొరలు అయిపోయాయి. ఇప్పుడు సన్నటి పొర తీయాలంటే పైనా కిందా రాయిని కూడా కోయాలి. రాతి దుమ్ములోని సిలికా బొగ్గు దుమ్ము కంటే చాలా ప్రమాదం. మా తరం డాక్టర్లు డెబ్బై ఏళ్లవాళ్లలో చూసే ముదిరిన బ్లాక్ లంగ్‌ను, అంటే గని దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బును, నేనిప్పుడు నలభైల్లో ఉన్నవాళ్ల ఎక్స్‌రేల్లో చూస్తున్నాను. ఊదమని గొట్టం నోట్లో పెడితే, పిల్లలున్న తండ్రి రెండో సెకనుకే ఆగిపోతాడు. 1969లో ఇదే రాష్ట్ర కార్మికులు సమ్మె చేసి దుమ్ము చట్టం తెప్పించుకున్నారు. సిలికా పరిమితిని ఘనపు మీటరుకు 100 నుంచి 50 మైక్రోగ్రాములకు తగ్గిస్తూ 2024 ఏప్రిల్‌లో కేంద్రం నిబంధన తెచ్చింది. బొగ్గు గనుల్లో 2025లో మొదలవ్వాల్సిన అమలును కోర్టు ఆపింది.

దీని గురించి నా దగ్గర ట్రంప్ టోపీ పెట్టుకున్నవాళ్లూ అడుగుతారు, పాత యూనియన్ జాకెట్ వేసుకున్నవాళ్లూ అడుగుతారు. పోయిన వారం ఒకతను, నలభై నాలుగేళ్లు, పరీక్ష అయ్యాక చొక్కా గుండీలు పెట్టుకుంటూ, తన కొడుకు గనిలో చేరడానికి దరఖాస్తు పెట్టాడని చెప్పాడు. ఆ చుట్టుపక్కల అంత జీతం ఇచ్చే పని ఇంకోటి లేదు. ఏం చెప్పమంటారు డాక్టర్ అని అడిగాడు. దుమ్ము కొలిచే మీటరు పెట్టమని అడగమను, మాస్కు తీయొద్దను, ఏడాదికోసారి ఎక్స్‌రేకి నా దగ్గరికి పంపు అని చెప్పాను. అపాయింట్‌మెంట్ రాసుకుని వెళ్లాడు.